గ్రౌండు వస్తుందన్నారు

నేను ఇండియా జట్టుకు హాకీ ఆడవలసినవాణ్ణి. కోవిల్‌పట్టిలో ఈ మాట ఎంతమందికి చెప్పానంటే, ఇప్పుడు టీకొట్లో కొందరు దాన్ని నాకే తిరిగి చెబుతుంటారు. నేను వినయంగా తల దించుకుంటాను. ఇండియా అన్నది కాస్త పెంచిన మాట. స్టేట్ అనుకోండి. ఆ స్టేట్ సంగతి కూడా అంత గట్టిది కాదని ఈ మధ్యనే విరుదునగర్‌లో ఒక ఆఫీసు గదిలో బయటపడింది. బయట పెట్టింది నేనే. అది ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా పెద్దవాళ్ళు ఎప్పుడో ఈ నల్లరేగడి నేలకు వచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బళ్ళో చదివిందీ అరవమే. తెలుగు అక్షరాలు అరవై దాటాక ఫోనులో చూసి వారంలో నేర్చుకున్నాను. వారం కాదు, ఏడాది పైనే పట్టింది. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు.

మా చిన్నప్పుడు మా వీధిలో ప్రతి పిల్లవాడి దగ్గరా ఒక ఉద్యోగం సిద్ధంగా ఉండేది. ఒకడు రైలింజను నడుపుతానన్నాడు. వాడు బతుకంతా అగ్గిపెట్టెల బండిళ్ళను రైలు వేళకు స్టేషనుకు చేర్చాడు, ఇంజను మెట్టు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఇంకొకడు పోలీసు అవుతానన్నాడు. ఇప్పుడు విరుదునగర్‌లో ఒక ఏటీఎం బయట యూనిఫాం వేసుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో కూర్చుంటాడు. మాలో అనుకున్నదానికి అందరికన్నా దగ్గరగా వెళ్ళింది వాడే. ఈ మాట వాడితో అంటే కొట్టడానికి లేస్తాడు.

నాది హాకీ. మా ఊళ్ళో అదేమీ వింత కాదు. వంగిన తుమ్మకొమ్మ దొరికితే ఏ పిల్లవాడూ దాన్ని పొయ్యిలో పెట్టనిచ్చేవాడు కాదు. తల్లులు చదువుకోమని ఎంత తిట్టేవారో ఆడమనీ అంతే తిట్టేవారు, ఎందుకంటే బాగా ఆడినవాణ్ణి రైల్వేవాళ్ళో పోలీసువాళ్ళో పిలిచి ఉద్యోగం ఇచ్చేవారు. ఊళ్ళోని మిల్లులకూ కంపెనీలకూ కూడా సొంత టీములుండేవి. ఆడేవాణ్ణి పనిలో చేర్చుకుని తమ పేరున్న బనియను తొడిగించేవారు. పేరుకు కార్మికుడు, చేసేది ఆట. నాకు అంతకన్నా మంచి ఉద్యోగం ఈ భూమ్మీద ఉంటుందని తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు.

మా ఊరి కడలై మిఠాయి మీరు వినే ఉంటారు, పల్లీ పట్టీ అంటారేమో మీరు. అది చేసే ఒక ముదలాళికి, అంటే యజమానికి, తనకూ ఒక టీము ఉండాలని మోజు పుట్టింది. ఒక సాయంత్రం రైల్వే టీము మీద నేను వరసగా మూడు గోల్సు కొట్టడం చూసి, వీణ్ణి వదలకూడదని ఆయన అక్కడికక్కడే నిశ్చయించుకున్నాడు. మూడులో రెండు వేరేవాళ్ళు కొట్టారు. నాది నా మోకాలికి తగిలి లోపలికి వెళ్ళింది. ముదలాళి నాకన్నా ముందు ఇంకో ముగ్గురిని అడిగాడనీ, వాళ్ళు రైల్వే మీద ఆశతో రామన్నారనీ నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

"ఉద్యోగం ఆటకేరా," అన్నాడాయన. "టోర్నమెంటు వచ్చేదాకా సుమ్మా నిలబడేదానికి బదులు ఆ గరిటె కొంచెం తిప్పుతా ఉండు. వెనక ఉండే చేను చదును చేసి గ్రౌండు వేయిస్తా."

సుమ్మా అంటే ఊరికే అని. అరవంలో ఇంత మెత్తటి మాట ఇంకొకటి లేదు. ఆ మాట చెప్పి మనిషి చేత ఏమైనా పట్టించవచ్చు.

గరిటె అంటే వంటింటి గరిటె అనుకోకండి. నా ఎత్తున్న చెక్క తెడ్డు. పెద్ద బాండీలో బెల్లం పాకం ఉడుకుతుంటే అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. మధ్యలో ఒక చుక్క చన్నీళ్ళలో వేసి కొరికి చూడాలి, పటుక్కుమంటే పాకం వచ్చినట్టు. అప్పుడు వేయించిన పప్పు పోసి, కలిపి, బల్ల మీద కుమ్మరిస్తే రోలరు వేసేవాడు పరుస్తాడు, గట్టిపడేలోపు గీతలు కోస్తాడు. నాకు మణికట్టు బలం ఉంది గనుక తెడ్డు బాగా తిరిగింది. అదే నా కొంప ముంచింది. చేతకానివాణ్ణయితే ఆయన నన్ను బయట కూర్చోబెట్టి ఉండేవాడు.

మా టీము ఎన్నో టోర్నమెంట్లు గెలిచింది. రెండు ఆడింది. రెంటిలోనూ మొదటి ఆటకే ఇంటికొచ్చాం. మూడో ఏడు ముదలాళికి మోజు తీరింది. వెనక చేనులో పప్పు బస్తాల గోదాము లేచింది. నా స్టిక్కు గోడకు ఆనించి ఉండేది, దాన్ని తీసి బెల్లం అచ్చులు పగలగొట్టడానికి వాడటం మొదలుపెట్టారు. ఎవరు మొదలుపెట్టారంటే, తొందరలో ఒకనాడు నేనే.

నాకు ఇప్పటికీ కడుపు మండేది ఎక్కడంటే, నేను ఆటగాణ్ణి కావడం మానేసి పాకం తిప్పేవాణ్ణి అయిన రోజు ఏదో నాకు తెలియదు. ఎవరూ పిలిచి చెప్పలేదు. ఉద్యోగం పోయినవాడికి పోయిన రోజు తెలుస్తుంది, ఏడ్చుకుంటాడు, ఇంకొకటి వెతుక్కుంటాడు. నాకు అదీ లేదు. నిన్న తిప్పిన తెడ్డే ఇవాళా తిప్పాను. ఎప్పుడో ఒకరోజు ఎవరో కొత్తవాడికి నన్ను చూపిస్తూ 'మన పాకం ఆయన' అన్నారు, నేను కాదనలేదు. అంతే. నేను చేసిన మిఠాయిని మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకున్నారు, ఊళ్ళకు పెట్టెలు కట్టించుకుని పోయారు. నాకు ఒక్కసారీ సంతోషం కలగలేదని అంటే అబద్ధం. కానీ ఎవరైనా నోట్లో వేసుకుని బాగుంది అన్నప్పుడల్లా, 'నేను దీనికి రాలేదయ్యా' అని చెప్పాలనిపించేది. ఎవరికని చెప్పను? తినేవాడికి ఆ గొడవ ఎందుకు?

అందుకే గొప్పలు మొదలుపెట్టాను. ఎడమ చేతి మీద మోచేతి దాకా నాకొక మచ్చ ఉంది. పంజాబు నుంచి వచ్చిన ఒక ఫుల్‌బ్యాకు కర్రతో కొట్టిన దెబ్బ అని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఏటేటా ఆ పంజాబువాడు ఒక అంగుళం పెరిగాడు.

ఆ కథలు విని నిజంగా స్టిక్కు పట్టుకున్నది మా ఇంట్లో ఒక్కతే, నా కొడుకు కూతురు. స్టిక్కు కూడా కాదు, ప్యాడ్లు కట్టింది. గోల్‌కీపరు. పదేళ్ళ పిల్ల అప్పుడు, అందరూ బంతి వెనక పరిగెత్తుతుంటే ఇది గోల్లో నిలబడి, "రానీ, చూస్తా" అన్నట్టు వంగేది. ఇప్పుడు కాలేజీ ముగించింది. ఆమెకు కావలసింది ఒక్కటే: పోలీసు ఉద్యోగం, ఆట కోటాలో. దానికి రేపో మాపో సెలెక్షను పడుతుంది. పడేదాకా ఏదో ఒక టీములో రోజూ ఆడుతూ ఉండాలి, నాలుగు టోర్నమెంట్లు చూపించాలి. ఆట తప్పితే చెయ్యి మొద్దుబారుతుంది, ఆ తర్వాత సెలెక్షను పడినా పడకపోయినా ఒకటే. కాలేజీ అయిపోయింది గనుక కాలేజీ టీము లేదు. వేరే టీము లేదు.

అలాంటప్పుడు విరుదునగర్ దగ్గర ఒక నూలు మిల్లు నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్లల హాకీ టీము కడుతున్నాం, ఉద్యోగమిస్తాం, హాస్టలు ఉంది, వచ్చి కలవమని.

నా కొడుకు శివకాశికి పనివాళ్ళను తీసుకెళ్ళే వ్యాను నడుపుతాడు. ఫోను మాట విని వాడు, "ఆలోచించేదానికి ఏమి ఉండాది? ఉద్యోగం ఉద్యోగమే," అన్నాడు. నేను ఒక్కసారిగా లేచాను.

"ఆ ఉద్యోగం యెట్లాంటిదో నాకు తెలుసు. నేను పోతా దానితో."

"నువ్వు పోతే చెడిపోతుంది," అంది మా ఇంటామె లోపల్నుంచి.

విరుదునగర్ బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. నేను దారి పొడుగునా జాగ్రత్తలు చెప్పాను. ఎలా నిలబడాలి, ఎలా మాట్లాడాలి. ఎలా అడగాలి అని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు. నేను నా జన్మలో ఎవరినీ ఏమీ అడిగి పనిలో చేరినవాణ్ణి కాదు.

మేనేజరుకు యాభై ఉంటాయి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. అరవంలో మర్యాదగా కూర్చోమన్నాడు. నా నోరు ఊరుకోలేదు. నేనూ అరవంలోనే, "నేనూ స్టేట్ ప్లేయర్నే సార్. ఆటతోనే ఉద్యోగం, ఆటతోనే రిటైర్మెంటు," అన్నాను.

ఆయన లేచి నా చేయి పట్టుకుని ఊపాడు. కాఫీ తెప్పించాడు. పిల్లవైపు తిరిగి, "చూడమ్మా, ఇంకేం కావాలి? మీ ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మీ తాతగారు ఆడుతూ ఉద్యోగంలో చేరారు, బతుకంతా నిలబడ్డారు. మేము ఇస్తున్నదీ అదే," అన్నాడు.

టీకొట్లో ఎవరికీ నష్టం లేకుండా ఇన్నేళ్ళు తిప్పుకున్న మాట, ఇప్పుడు ఈయన తీసుకుని ఆ పిల్లకు గాలం వేస్తున్నాడు. ఆమె తల ఊపుతోంది కూడా.

"ఆట లేని రోజు ఏమి పని సార్?" అన్నాను.

"కోన్ వైండింగులో. నూలు కండెలకు చుట్టడం. అదీ ఇప్పటికి మాత్రమే. సుమ్మా కూర్చోవడం ఎందుకని."

ఆ మాట. అదే మాట. నాకు బెల్లం మాడిన వాసన వచ్చినట్టయింది. వెంటనే నేను తెలుగులోకి దిగాను. బయటివాళ్ళ ముందు ఇంటి సంగతి మాట్లాడాలంటే మేమంతా చేసేది అదే. మొహం మార్చకుండా, ఏదో అన్నం వేళయింది అన్నట్టుగా చెబుతాం.

"పాపా, ఈయప్ప మాట వినవద్దు. నేను స్టేటూ ఆడలేదు ఒగటీ ఆడలేదు. సెలెక్షనుకు పోయిన బస్సు దోవలో చెడిపోయ. నేను పోయి చేరేలోపల అంతా ముగిసిపోయ."

ఆమె కూడా మొహం మార్చకుండా, మేనేజరును చూసి చిన్నగా నవ్వుతూ తెలుగులో అంది: "బస్సు చెడిపోలేదంట కదా తాతా. ఈ విరుదునగర్లోనే నువ్వు పరోటా తినేదానికి దిగితివంట. బస్సు పోయిందంట."

"ఎవరు చెప్పినారు?"

"అవ్వ."

"ఇంకొగ పరోటా చెప్పినాను. అదొగటే తప్పు."

"సరి."

"ఈ చేతి మచ్చ కూడా—"

"బెల్లం పాకం పడింది. అదీ తెలుసు."

"తెలిసీ ఏమిటికి ఊరుకుంటివి?"

"నువ్వు బాగా చెప్తావు కదా, వింటా ఉంటి."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "ఇప్పుడు విను. ఈయప్ప నీకు గరిటె ఇచ్చేవాడు. సుమ్మా అంటాడే, ఆ సుమ్మాలో నా జీవితం పోయ. మొగం చూడు, బెల్లం అచ్చు మాదిరి. ఆట చెప్పి పిలుస్తాడు, కండె చేతికిస్తాడు. లేచి పోతాము రా."

మేనేజరు కప్పు కింద పెట్టాడు. జేబులోని పెన్నులు సర్దుకున్నాడు. చాలా నిదానంగా, మా ఇంట్లో మా నాయన మాట్లాడినట్టే మాట్లాడాడు.

"పెద్దాయనా, మాది కళుగుమలై పక్కన పల్లె. మా ఇంట్లోనూ ఇదే మాటే."

మా వాళ్ళందరికీ ఉన్న జబ్బు ఇది. తెలుగును తలుపు వేసిన గది అనుకుంటాం. బస్సుల్లో, ఆసుపత్రుల్లో, పెళ్ళిచూపుల్లో కూడా ఇదే గదిలోకి దూరి గుసగుసలాడతాం, ఆ గదిలో ఇంకెవరో అప్పటికే కూర్చుని ఉంటారు. ఇంతకు ముందు నేను ఇలా దొరకలేదని కాదు. కానీ బెల్లం అచ్చు మొహం అన్నాక దొరకడం మొదటిసారి.

నేను నేల చూశాను. ఆయనకు కోపం రాలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"మీరు చెప్పింది తప్పేమీ లేదు," అన్నాడు. "నేనూ ఈ మిల్లుకు వాలీబాలు ఆడేదానికే వస్తిని. గేటు దగ్గర ఒగ నెల నిలబడమనిరి. అప్పురం స్టోరు, అప్పురం ఈ కుర్చీ." బల్ల మీద చేయి తట్టాడు. "ఏమి చేసేది? పిల్లలను చదివించుకుంటి."

నాకు ఆయన మీద జాలి పడాలో, అదే బల్ల వెనక కూర్చుని అదే మాట ఇంకొకరికి చెబుతున్నందుకు తిట్టాలో తెలియలేదు. ఒకవేళ నన్నూ ఆ మిఠాయి కొట్లో ఎవరైనా కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే, నేనూ సుమ్మా అనే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణే.

పిల్ల లేచి నిలబడింది. అంతదాకా సార్ అన్నది ఇప్పుడు, "అన్నా, గ్రౌండు చూపిస్తారా?" అంది.

"గ్రౌండా?"

"ఆమా. ఆడేది ఎక్కడని చూస్తా."

ఆయన తటపటాయించాడు. తర్వాత తాళాల గుత్తి తీసుకుని ముందు నడిచాడు. మిల్లు వెనక, హాస్టలు పక్కన గ్రౌండు ఉంది. ఉండటం ఉంది, అంతవరకు నా ముదలాళి కన్నా వీళ్ళు నయం. ఒక వైపు గోలు నిండా పత్తి చెత్త మూటలు. రెండో వైపు గోలు అడ్డకర్ర మీద హాస్టలు పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. నైటీలు, చుడీదార్లు, తువ్వాళ్ళు. నీళ్ళు కారి గోలు ముందు నేల బురదగా ఉంది. గీతలు ఎప్పుడో వేసినవి, ఒక వంపు మాత్రం కనిపిస్తోంది.

పిల్ల సంచి నాకిచ్చింది. బట్టల కిందనుంచి దూరి గోల్లోకి వెళ్ళి, మొహానికి తగులుతున్న నైటీని ఒక పక్కకు జరిపి, మోకాళ్ళు వంచి నిలబడింది. చేతులు ముందుకు చాచింది. బంతి లేదు, ఎదురుగా ఎవరూ లేరు, మేమిద్దరం తప్ప. మేనేజరూ నేనూ ఏదో తప్పు చేసి పట్టుబడ్డవాళ్ళలా పక్కపక్కన నిలబడ్డాం.

"కోచ్ ఎవరన్నా?" అంది అక్కణ్ణుంచే.

"వొస్తాడు. చెప్పి ఉండాము."

"ఎంతమంది పిల్లలు చేరినారు టీముకు?"

"చేరతారు."

ఆమె బయటికి వచ్చి చేతులు దులుపుకుంది. "బట్టలు తీసి, గీతలు వేసి, కోచ్ వొచ్చినాక ఫోను చెయ్యండన్నా. నేను ప్యాడ్లతో వొస్తా. అంతవరకు కోన్ వైండింగుకు కూడా రాను."

ఆయన తల ఊపాడు. సరే అన్నాడో, చూద్దాం అన్నాడో నాకు తెలియలేదు. గేటు దగ్గర నా చేయి మళ్ళీ పట్టుకున్నాడు గానీ ఈసారి ఊపలేదు.

తిరుగు బస్సులో నాకు కుదురు లేదు. కోపమంతా నా మీదే. ఇంత చిన్న మాట. గ్రౌండు ఎక్కడ, చూపించు. ఇరవై ఏళ్ళవాణ్ణి, మూడు గోల్సు కొట్టానని విర్రవీగినవాణ్ణి, ఆ ముదలాళిని వెనక చేను దాకా నడిపించి ఎప్పుడు చదును చేస్తావని అడగడానికి నాకు నోరు రాలేదు. వస్తుందన్నాడు, వస్తుందనుకున్నాను. గోదాముకు ఇటుకలు దిగుతున్నప్పుడు కూడా గ్రౌండుకు ప్రహరీ కడుతున్నారేమో అనుకున్నాను. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు. నిజంగా అలాగే అనుకున్నాను.

సాత్తూరు దాటాక ఉండబట్టలేక అన్నాను, "వాళ్ళు బట్టలు తీసేస్తారు పాపా. ఎంతసేపు? నాలుగు గీతలు వేసి నిన్ను పిలుస్తారు. అప్పురం?"

"పిలిస్తే పోయి ఆడతా."

"కోన్ వైండింగు?"

"పొద్దున ఆట. ఆట అయినాక కోను. పోలీసు సెలెక్షను వొచ్చేదాకా. గోలు కర్ర మీద మళ్ళా బట్టలు ఆరేసినారంటే ఆ పొద్దే మూట కట్టుకొని ఇంటికి వొస్తా." సంచిలోంచి మిఠాయి పొట్లం తీసి, ఒక పలక పటుక్కున విరిచి సగం నాకిచ్చింది. "నీ మాదిరి నలబై ఏండ్లు గరిటె పట్టుకొని నిలబడను."

"నలబై లేదు," అన్నాను. "ముప్పై ఆరే."

ఆమె నమలడం ఆపి, జ్వరం వచ్చిందేమో చూసినట్టు నన్ను చూసింది.

"నిజంగానా తాతా?"

"ముప్పై అయిదు," అన్నాను.